సీ ప్రాజెక్టును కొత్త స్టాండర్డ్‌కి మార్చడం ఎలా: ముందు ఒక మెతుకు పట్టి చూడండి

ఓ కొత్త కుర్రాడు మీ ప్రాజెక్టుకి ప్యాచ్ పంపుతాడు. అందులో "ఫర్ (ఇంట్ ఐ = 0; ఐ < ఎన్; ఐ++)" అని ఉంటుంది. "ఐని బ్లాకు మొదట్లో డిక్లేర్ చెయ్యి, మనది సీ89" అని మీరు వెనక్కి పంపుతారు. (సీ89 అంటే సీ భాషకి 1989 నాటి స్టాండర్డ్, తర్వాతివి సీ99, సీ11, సీ17, సీ23.) తను పుట్టకముందే, 1999లో, భాషలోకి వచ్చిన వసతిని ఇప్పటికీ వాడనివ్వరా అని అతను నోరెళ్లబెడతాడు. మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ నీలం తెర ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లకి మాత్రం ఇది వింతగా అనిపించదు. డిక్లరేషన్లన్నీ పైన, పనంతా కింద. చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

అలవాటు వేరు, కారణం వేరు. ఆ ప్యాచ్‌ని తిప్పి పంపడానికి ఒక్కటే కారణం ఉండాలి: ఆ లైను అర్థం కాని కంపైలర్‌తో మీ కోడ్‌ని బిల్డ్ చేసుకునేవాళ్లు ఎక్కడో ఉన్నారు. వాళ్లు ఇంకా ఉన్నారా, ఉంటే ఎవరు? స్టాండర్డ్ మార్చడంలో సగానికి పైగా పని ఈ ప్రశ్నకి జవాబు వెతకడమే. బిల్డ్ ఫైల్లో ఫ్లాగ్ మార్చడం ఐదు నిమిషాల పని, దాన్ని చివరికి ఉంచుకోండి.

ఇంకో మాట. కోడ్ ముక్కల్నీ ఫ్లాగ్‌లనీ ఇక్కడ నోటితో పలికినట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు ఎటూ మీ చేతికి అలవాటైన అక్షరాలే వస్తాయి.

ఎందుకు మారుతున్నారో ముందు రాసుకోండి

"కొత్తది కాబట్టి" అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. లినక్స్ కెర్నెల్ 2022 దాకా జీఎన్‌యూ89 (సీ89కి జీసీసీ కంపైలర్ సొంత చేర్పులు కలిపిన రూపం) మీదే నడిచింది. అందులో లింక్డ్ లిస్టు మీద తిరిగే మాక్రోకి ఐటరేటర్ పాయింటర్‌ని లూపు బయట డిక్లేర్ చేసి ఇవ్వాలి. లూపు చివరిదాకా తిరిగాక ఆ పాయింటర్ ఏ అసలు ఎంట్రీనీ చూపించదు. కానీ పేరు మాత్రం ఇంకా బతికే ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు దాన్ని వాడేస్తారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇలాంటి తప్పుల్ని దిద్దే ప్యాచ్‌ల మీద చర్చ జరుగుతుంటే, ఆ పేరుని లూపులోనే పుట్టించి లూపుతోనే పోగొడితే ఈ గొడవే ఉండదు కదా అన్న దగ్గరికి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వచ్చారు. అందుకు సీ99 చాలు. కెర్నెల్ డెవలపర్ ఆర్న్డ్ బెర్గ్‌మన్ ఇంకో మెట్టు పైకి చూపించారు: కెర్నెల్‌కి కావలసిన కనీస జీసీసీ అప్పటికే 5.1, దానికి సీ11 వచ్చు, మరి 99 దగ్గరే ఆగడం దేనికి? అలా 5.18 వెర్షన్ జీఎన్‌యూ11తో విడుదలైంది.

మీరూ ఒక చిన్న పట్టిక వేసుకోండి. ఎడమ పక్క మీ కోడ్‌లో పదేపదే వచ్చే తప్పు, కుడి పక్క దాన్ని తగ్గించే ఫీచర్. నలభై ఫీల్డులున్న స్ట్రక్చర్‌ని వరుస తప్పకుండా నింపలేక చస్తున్నారా, సీ99 డిజిగ్నేటెడ్ ఇనిషియలైజర్లు కావాలి. స్ట్రక్చర్ సైజు మారితే కంపైల్ చేసేటప్పుడే తెలియాలా, సీ11 స్టాటిక్ అసర్ట్. గుణకారం ఓవర్‌ఫ్లో అవుతుందేమో చూసే కోడ్ పదిచోట్ల పది రకాలుగా ఉందా, సీ23లో ఎస్‌టీడీసీకేడింట్ హెడర్ ఉంది. కుడి పక్క ఏమీ రాయలేకపోతే ఈ ఏడాదికి మారకండి. కర్ల్ లాంటి ప్రాజెక్టు సీ89ని వదలకుండానే లెక్కలేనన్ని రకాల యంత్రాల మీద నడుస్తోంది. దాన్ని ఎవరూ వెనకబాటు అనరు.

ఎవరెవరు బిల్డ్ చేస్తున్నారో తెలుసుకోండి

మీ ల్యాప్‌టాప్ మీద ఏ జీసీసీ ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మీరు మద్దతు ఇస్తున్నామని చెప్పిన వాటిలో అన్నిటికంటే పాత కంపైలర్ ఏది? రెడ్‌హ్యాట్ 7 కుటుంబం జీసీసీ 4.8.5తో వచ్చింది. దాని మామూలు మద్దతు 2024 జూన్‌తో ముగిసినా, డబ్బు కట్టి దాన్నే నడుపుతున్న సంస్థలు ఉన్నాయి. 4.8లో సీ99 బాగానే ఉంది, సీ11లోని జెనరిక్, అటామిక్ హెడర్ మాత్రం 4.9తో వచ్చాయి. అంటే ఈ ఒక్క యంత్రం మీ జాబితాలో ఉందంటే "సీ11 వాడతాం" అన్న మాటకి అర్థమే మారిపోతుంది.

విండోస్ వైపు కథ ఇంకోలా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ చాలా ఏళ్లు సీ89 దగ్గరే కూర్చుంది. విజువల్ స్టూడియో 2013తో సీ99లో చాలా భాగం వచ్చింది. స్టాండర్డ్ చెప్పినట్టు నడిచే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ 2015తో వచ్చింది. సీ11, సీ17 అని అడిగే ఫ్లాగ్‌లు 2019లోని 16.8 వెర్షన్‌తో, అంటే 2020 నవంబరులో వచ్చాయి. పరిమాణం నడిచేటప్పుడు తేలే అర్రేలు, అంటే వీఎల్ఏలు, అందులో ఇప్పటికీ లేవు. వాటిని సీ11 స్టాండర్డే ఐచ్ఛికం చేసింది కాబట్టి అడగడానికీ లేదు.

ఇది తేల్చాక మీ కోడ్ ఇప్పుడు నిజంగా ఏ స్టాండర్డ్‌తో కంపైల్ అవుతోందో చూడండి. చాలా ప్రాజెక్టులు ఫ్లాగే ఇవ్వవు, కంపైలర్ డిఫాల్ట్‌కి వదిలేస్తాయి. ఆ డిఫాల్ట్ కదులుతూ ఉంటుంది: జీసీసీలో 4.9 దాకా జీఎన్‌యూ90 (జీఎన్‌యూ89కే ఇంకో పేరు), 5 నుంచి జీఎన్‌యూ11, 8 నుంచి జీఎన్‌యూ17, 2025లో వచ్చిన 15 నుంచి జీఎన్‌యూ23. "మాది సీ89" అని రూల్స్ ఫైల్లో రాసుకున్నవాళ్లలో కొందరు తమకు తెలియకుండానే సీ23లో ఉన్నారన్నమాట. మీరు మారకపోయినా స్టాండర్డే మీ దగ్గరికి నడిచి వస్తుంది. అందుకే నా మట్టుకు, ఏ స్టాండర్డ్ అయినా సరే, బిల్డ్ ఫైల్లో స్పష్టంగా రాసి ఉండాలంటాను.

స్టాండర్డ్ పేరుతో ఆపకండి, ఏవి వాడొచ్చో రాయండి

"సీ11కి మారాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే మర్నాడే ఎవరో థ్రెడ్స్ హెడర్ పెట్టుకొస్తారు. అది లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో 2018 నాటి 2.28తో గానీ రాలేదు. మెమరీ తీసుకునే అలైన్డ్ అలాక్ ఫంక్షన్ మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో లేదు, ఎందుకంటే అలా తీసుకున్న మెమరీని వాళ్ల మామూలు ఫ్రీ విడిపించలేదు. ఇలాంటివన్నీ ముందే వడకట్టాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు 2019లో వచ్చిన 12వ వెర్షన్‌తో సీ99కి మారారు. మారినప్పుడే కొన్నిటికి తలుపు వేశారు: వీఎల్ఏలు వద్దు, కోడ్ మధ్యలో డిక్లరేషన్లు వద్దు, రెండు స్లాష్‌ల కామెంట్లు కూడా వద్దు. చివరి రెండూ రుచికి సంబంధించినవి, అయినా పర్వాలేదు. కోడ్‌బేస్ అంతా ఒకేలా కనబడాలనుకోవడం కూడా కారణమే. పైథాన్ భాషని నడిపే సీపైథాన్ ఇంకా పొట్టిగా తేల్చేసింది: 3.11 నుంచి సీ11, కాకపోతే అందులోని ఐచ్ఛిక భాగాలు లేకుండా. ఏం రాయాలో తోచకపోతే ఈ రెండో వాక్యాన్నే తీసుకోండి. రూల్ రాశాక దానికి కాపలా కూడా పెట్టండి. వీఎల్ఏ వద్దనుకుంటే ఆ వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చండి, రివ్యూలో పట్టుకుందాంలే అని మనుషుల కళ్ల మీద వదలకండి.

పాత ఫ్లాగ్ మీదే ఇల్లు ఊడ్చుకోండి

తొందరపడితే దెబ్బ తగిలేది ఇక్కడే. కొత్త ఫ్లాగ్ పెట్టకముందే, పాత దాంతోనే మూడు వార్నింగులు ఆన్ చేసి సున్నాకి తీసుకురండి: డిక్లేర్ కాని ఫంక్షన్‌ని పిలవడం, ఖాళీ బ్రాకెట్ల ప్రోటోటైప్, కే అండ్ ఆర్ పద్ధతి (పారామీటర్ల టైపుల్ని బ్రాకెట్ల తర్వాత విడిగా రాసే పాత పద్ధతి) ఫంక్షన్ డెఫినిషన్. మొదటిది సీ99లోనే నిషిద్ధం, కంపైలర్లే ఇన్నాళ్లు చూసీ చూడనట్టు వదిలేశాయి. జీసీసీ లాంటి ఇంకో కంపైలర్ క్లాంగ్ 16 దాన్ని ఎర్రర్ చేసింది, 2024లో జీసీసీ 14 కూడా చేసింది. మిగతా రెండూ సీ23లో పోతాయి. సీ23లో "ఇంట్ ఎఫ్()" అంటే "ఏ ఆర్గ్యుమెంటూ తీసుకోదు" అని అర్థం, ఇంతకుముందులా "ఏం తీసుకుంటుందో చెప్పను" అని కాదు. కాల్‌బ్యాక్ పాయింటర్లన్నిటినీ ఖాళీ బ్రాకెట్లతో డిక్లేర్ చేసిన పాత కోడ్ అక్కడ వరసగా కూలిపోతుంది.

డిక్లేర్ కాని ఫంక్షన్ సంగతి దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే దీంతో నేనొకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. మా లైబ్రరీలో ఫ్లాగ్ ఏమీ లేదు, డిఫాల్టే. నేను శుద్ధంగా ఉండాలని "-ఎస్‌టీడీ=సీ99" పెట్టాను, జీఎన్‌యూ99 కాకుండా. ఈ రెంటికీ తేడా చిన్నది కాదు. శుద్ధమైన సీ99 అడిగితే స్ట్రింగ్ హెడర్ స్ట్రిడప్‌ని (స్ట్రింగ్‌కి కాపీ తీసి దాని పాయింటర్ ఇచ్చే ఫంక్షన్) దాచేస్తుంది, అది అప్పటికి సీ స్టాండర్డ్‌లో లేదు, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్ అయిన పాసిక్స్‌ది. (సీ23లో చేరింది.) డిక్లరేషన్ కనబడకపోయేసరికి మా పాత జీసీసీ "అయితే ఇది ఇంట్ తిరిగిస్తుంది కాబోలు" అని ఊహించుకుంది. ఒక వార్నింగ్ ఇచ్చింది, నాలుగొందల వార్నింగుల మధ్య అది ఎవరికి కనబడుతుంది? 64 బిట్ యంత్రం మీద పాయింటర్ 8 బైట్లు, ఇంట్ 4 బైట్లు. అడ్రస్ పై సగం తెగిపోయింది.

అసలు వింత ఏమిటంటే నా యంత్రం మీద అంతా చక్కగా నడిచింది. మా పరీక్షా ప్రోగ్రాం పీఐఈ (ఏ అడ్రసు దగ్గరైనా లోడ్ కాగల రూపం) కాకుండా, అంటే స్థిరమైన అడ్రసు దగ్గర లోడ్ అయ్యేలా బిల్డ్ అవుతోంది. అలాంటప్పుడు హీప్ చిన్న అడ్రసుల్లోనే ఉంటుంది, పై సగం ఎటూ సున్నాలే, తెగినా నష్టం లేదు. పీఐఈ తరహాలో బిల్డ్ చేసే డిస్ట్రిబ్యూషన్ మీద హీప్ ఎక్కడో పైన ఉంటుంది, మొదటి స్ట్రిడప్‌కే ప్రోగ్రాం చచ్చింది. మందు చిన్నదే: పాసిక్స్ ఫంక్షన్లు వాడే కోడ్ అయితే జీఎన్‌యూ రూపం తీసుకోండి, లేదా ప్రతి సోర్సు ఫైల్లో మొదటి హెడర్‌కి ముందే పడేలా "_పాసిక్స్_సీ_సోర్స్" మాక్రోని 200809ఎల్‌గా డిఫైన్ చేయండి. ఇంకోటి, వార్నింగులు నాలుగొందలు ఉండగా స్టాండర్డ్ మార్చకండి.

ఇప్పుడు మెతుకు పట్టండి

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఎవరూ కుండంతా కెలకరు. ఒక మెతుకు వేళ్ల మధ్య పట్టి చూస్తారు. గిట్ ప్రాజెక్టు వాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. ఈనమ్ జాబితా చివర కామా పెట్టొచ్చా అన్నది 2012లో ఒక్క చోట పెట్టి చూశారు. డిజిగ్నేటెడ్ ఇనిషియలైజర్‌ని 2017లో ఒక్క మాక్రోలో వాడి ఊరుకున్నారు. ఫర్ లోపల "ఇంట్ ఐ"ని 2021 నవంబరులో ఒకే ఒక లూపులో పెట్టారు. 2022 నవంబరులో మళ్లీ మాట్లాడుకుందాం, అప్పటిదాకా ఇంకెవరూ వాడొద్దు అని కోడింగ్ రూల్స్‌లోనే రాసుకున్నారు. ఏడాదిపాటు ఎవరూ "మా దగ్గర బిల్డ్ కావట్లేదు" అనకపోతేనే అందరికీ అనుమతి.

మెతుకు ఎక్కడ పట్టాలో కూడా తెలియాలి. ఎవరు బిల్డ్ చేసినా తప్పనిసరిగా కంపైల్ అయ్యే ఫైలై ఉండాలి, ఏదో ఐచ్ఛిక మాడ్యూల్‌లో పెడితే ఫిర్యాదు రానే రాదు. అలాగే అది పెద్దగా మారని చోటై ఉండాలి, రేపు వెనక్కి తీయాల్సి వస్తే ఒక్క కమిట్‌తో పోవాలి. పక్కనే కామెంట్ రాయండి: ఇది పరీక్ష, మీ కంపైలర్ ఇక్కడ ఆగితే మాకు చెప్పండి, ఫలానా విడుదల దాకా చూస్తాం. ఆ కామెంట్ లేకపోతే, ఎక్కడో పాత యంత్రంతో కుస్తీ పడుతున్న మనిషి తనే ఆ లైను మార్చేసుకుని నిశ్శబ్దంగా వెళ్లిపోతాడు. మీకేమో ఫిర్యాదులు లేవనిపిస్తుంది.

దీనికి బదులు "__ఎస్‌టీడీసీ_వెర్షన్__" మాక్రో విలువ 199901ఎల్ కంటే తక్కువైతే ఎర్రర్ ఇవ్వమని ఒక హెడర్లో పెట్టేయొచ్చు. గిట్ వాళ్లు 2021 చివర్లో అదీ చేశారు. సీ11కి ఆ అంకె 201112ఎల్, సీ17కి 201710ఎల్, సీ23కి 202311ఎల్. కాకపోతే మైక్రోసాఫ్ట్ కంపైలర్ సీ11 లేదా 17 ఫ్లాగ్ ఇస్తే తప్ప ఆ మాక్రోనే ఇవ్వదు. లూపు లోపలి "ఇంట్ ఐ" దానికి వచ్చినా, మీ హెడర్ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

బిల్డ్ ఫైల్లో రాయాల్సింది

బిల్డ్ నడపడానికి సీమేక్, ఆటోకాన్ఫ్, మెసన్ లాంటి పనిముట్లు వాడతారు. సీమేక్‌లో "సీ_స్టాండర్డ్ 11" అని ఒక్కటే రాస్తే చాలదు. కంపైలర్‌కి 11 రాకపోతే చప్పుడు చేయకుండా పాతదానికి దిగిపోతుంది. "సీ_స్టాండర్డ్_రిక్వయిర్డ్"ని కూడా ఆన్ చేయండి. "సీ_ఎక్స్‌టెన్షన్స్" ముట్టుకోకపోతే జీఎన్‌యూ రూపమే వస్తుంది, పైన చెప్పిన స్ట్రిడప్ కథ గుర్తుంచుకుని ఎంచుకోండి. ఆటోకాన్ఫ్ 2.70 నుంచి "ఏసీ_ప్రోగ్_సీసీ"యే సీ11, కాకపోతే సీ99, అదీ కాకపోతే సీ89 వరసలో ప్రయత్నిస్తుంది. చివరికి ఏది దొరికినా ఆగదు, కనీసం ఎంత కావాలో చూసి ఆపాల్సింది మీరే. మెసన్‌లో ప్రాజెక్టు డిఫాల్ట్ ఆప్షన్లలో "సీ_ఎస్‌టీడీ" రాస్తే సరిపోతుంది.

కంపైల్ అయిపోయి కూడా దెబ్బతీసేవి

ఎర్రర్ వచ్చే మార్పులకి భయపడక్కర్లేదు. రాకుండా అర్థం మారిపోయేవి రెండున్నాయి.

మొదటిది బూల్, అంటే అవును/కాదు చెప్పే టైపు. పాత ప్రాజెక్టుల్లో ఎక్కడో ఒక హెడర్లో "టైప్‌డెఫ్ ఇంట్ బూల్" ఉంటుంది. సీ23లో బూల్ భాషలోని కీవర్డే కాబట్టి జీసీసీ 15 ఆ లైను దగ్గరే ఎర్రర్ ఇస్తుంది, అది మంచిదే. సీ99కి మారేటప్పుడు మీరే దాన్ని తీసేసి ఎస్‌టీడీబూల్ హెడర్ పెడతారు చూడండి, ప్రమాదం అప్పుడు. నేను చూసిన ఒక కోడ్‌లో "కనెక్టెడ్" అనే బూల్ ఫీల్డుకి మూడు విలువలు: 1 అంటే అవును, 0 అంటే కాదు, మైనస్ 1 అంటే ఇంకా తెలియదు. ఇంట్ ఉన్నన్నాళ్లూ నడిచింది. అసలైన బూల్‌లోకి ఏ సున్నా కాని విలువ వేసినా 1 అయిపోతుంది. "ఇంకా తెలియదు" అన్నది రాత్రికి రాత్రి "అవును" అయింది. మార్చే ముందు బూల్ అని పేరున్న ప్రతి ఫీల్డుకీ మైనస్ 1 గానీ 2 గానీ వేస్తున్నారేమో వెతకండి.

తిరగేసిన కేసూ ఉంది. పాత టైప్‌డెఫ్ అన్‌సైన్డ్ చార్ అయితే "రిటర్న్ ఫ్లాగ్స్ & 256" ఎప్పుడూ 0 ఇచ్చేది, ఎందుకంటే 256 ఒక బైట్‌లో పట్టదు. అసలైన బూల్‌తో అది 1 ఇస్తుంది. అంటే ఏళ్లుగా నిద్రపోతున్న దారి ఒకటి హఠాత్తుగా తెరుచుకుంటుంది. బగ్ పోయినట్టే, కానీ ఆ దారిలో ఉన్న కోడ్‌ని ఇప్పటిదాకా ఎవరూ నడిపి చూడలేదు.

రెండోది ఇన్‌లైన్. హెడర్లో ఉత్త "ఇన్‌లైన్" అని రాసిన ఫంక్షన్‌కి జీఎన్‌యూ89లో బయటికి కనిపించే కాపీ ఒకటి పుడుతుంది. సీ99లో పుట్టదు, ఇంకెక్కడో ఎక్స్‌టర్న్ డిక్లరేషన్ ఉండాలి. ఆప్టిమైజేషన్ ఆన్ ఉంటే ఫంక్షన్ పిలిచినచోటే కలిసిపోతుంది కాబట్టి తేడా తెలియదు. డీబగ్ బిల్డ్‌లో మాత్రం లింకర్ "ఈ పేరు దొరకలేదు" అంటుంది. రెండు రకాల బిల్డులూ పరీక్షించండి. హెడర్లో ఉన్నవన్నీ "స్టాటిక్ ఇన్‌లైన్" చేసేస్తే ఈ తలనొప్పి పోతుంది.

పబ్లిక్ హెడర్లని వదిలేయండి

మీది లైబ్రరీ అయితే, లోపలి సీ ఫైళ్లకి ఒక రూల్, బయటికిచ్చే హెడర్లకి ఇంకో రూల్. ఆ హెడర్లని ఇంక్లూడ్ చేసుకునేవాళ్ల కంపైలర్ మీ చేతిలో లేదు, వాళ్లలో కొందరు సీ++ వాళ్లు. రెస్ట్రిక్ట్ అనే పదం సీ++లో లేదు. సీపైథాన్ లోపల సీ11 వాడినా తన పబ్లిక్ ఏపీఐ సీ99కీ సీ++కీ సరిపోవాలని పెట్టుకున్నది ఇందుకే. పైన చెప్పిన బూల్ మార్పు పబ్లిక్ స్ట్రక్చర్‌లో అయితే మరీ ఘోరం: 4 బైట్ల ఇంట్ ఒక బైట్ బూల్ అవుతుంది, దాని వెనకున్న ఫీల్డుల చోట్లు జరుగుతాయి, పాత హెడర్‌తో కంపైలైన ప్రోగ్రాం తప్పు చోట చదువుతుంది. అలాంటి చోట ఇంట్‌ని ఇంట్‌గానే ఉంచేయండి. సీఐలో, అంటే ప్రతి మార్పుకీ తనంతట తనే నడిచే బిల్డ్ పరీక్షల్లో, ఒక చిన్న పని చేర్చండి: పబ్లిక్ హెడర్లన్నిటినీ ఒక ఖాళీ ఫైల్లో ఇంక్లూడ్ చేసి, ఒకసారి పాత స్టాండర్డ్‌తో, ఒకసారి సీ++ కంపైలర్‌తో కంపైల్ చేయడం.

ఫ్లాగ్ మార్చిన కమిట్‌లో ఇంకేమీ ఉండకూడదు. ఒక్క లైను, విడుదల నోట్స్‌లో కనీస కంపైలర్ వెర్షన్లు, అంతే. ఉత్సాహంలో కోడ్‌బేస్ అంతటా డిక్లరేషన్లు కిందికి జరిపే స్క్రిప్టు రాయకండి. చరిత్రంతా మీ పేరుతో నిండిపోతుంది, లాభం ఏమీ ఉండదు. ఏ ఫంక్షన్ ముట్టుకుంటే దాన్నే మార్చుకుంటూ పోతే చాలు.

పాత విడుదల బ్రాంచీలు మాత్రం ఇంకా పాత స్టాండర్డ్ మీదే ఉంటాయని మర్చిపోకండి. మెయిన్‌లో లూపు లోపల "ఇంట్ ఐ" పెట్టి రాసిన సెక్యూరిటీ ఫిక్స్‌ని అక్కడికి తీసుకెళ్తే కంపైల్ కాదు, అదీ సరిగ్గా తొందరగా ఉన్న రోజునే. ఆ బ్రాంచీల సీఐలో పాత కంపైలర్‌ని, కోడ్ మధ్యలో డిక్లరేషన్ వస్తే ఆపే వార్నింగ్‌ని, వాటి మద్దతు గడువు ముగిసేదాకా తీయకండి.